ఓటర్ల కన్నా ఓట్లెక్కువ! వేల్స్ పట్టణ కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు (1900–1914) చదవడం ఎలా?

పాతపత్రిక:

1900కీ 1914కీ మధ్య వేల్స్ పట్టణాల్లో జరిగిన కౌన్సిల్ ఎన్నికల వార్తలు చదువుతున్నాను. వేల్స్ జాతీయ గ్రంథాలయం 1919 దాకా వచ్చిన పత్రికలను నెట్‌లో ఉచితంగా పెట్టింది కాబట్టి సరుక్కి కొదవ లేదు. ఇబ్బందల్లా లెక్కల్లోనే.

నమూనాకి ఇలా అనుకోండి. ఇవి ఏ ఊరి అసలు అంకెలూ కావు, ప్రశ్న అడగడానికి గుండ్రంగా వేసుకున్నవి. ఓటర్లు 900 మంది, ఖాళీలు 4, అభ్యర్థులు ఏడుగురు. వచ్చిన ఓట్లు వరసగా 460, 430, 380, 340, 290, 180, 120. కలిపితే 2,200! తొమ్మిది వందల మంది ఇన్ని ఓట్లు ఎలా వేశారు? అసలు ఎంతమంది పోలింగుకి వచ్చారో దీన్నుంచి తేలుతుందా?

ఇంకొన్ని సందేహాలు కూడా ఉన్నాయి. ఒక ఊళ్ళో ఎన్నిక నవంబరులో, పక్క ఊళ్ళో ఏప్రిల్ ముందూ వెనకా ఎందుకు? 1907లో పోలింగు నవంబరు 1న అయితే 1908లో 2న ఎందుకైంది? కౌన్సిల్ సభ్యుల్లో కొందరి పేర్లు ఏ ఏడాది ఫలితాల్లోనూ ఎందుకు కనబడవు? పార్లమెంటుకి ఓటు లేని ఆడవాళ్ళు ఇక్కడ ఎలా వేస్తున్నారు?

వార్డులెక్క:

ముందు ఆ ఊళ్ళో ఉన్నది ఏ రకం కౌన్సిలో తేల్చుకోండి. అది తేలేదాకా ఒక్క అంకె కూడా ముట్టుకోవద్దు. ఊరి సైజు చూసి చెప్పలేం. రోండ్డ లోయలో 1911 లెక్కల ప్రకారం 1,52,781 మంది ఉన్నా అది ఉత్త అర్బన్ డిస్ట్రిక్టే. దానికి మేయరు లేడు, ఛైర్మన్ ఉంటాడు. బ్రెకన్‌లో ఆరు వేల దరిదాపు జనం. అది పాత బరో, అంటే రాజు ఇచ్చిన చార్టర్ (హక్కుపత్రం) ఉన్న పట్టణం, కాబట్టి మేయరు, ఆల్డర్‌మన్లు (ఓటర్లు కాక కౌన్సిలే ఎన్నుకునే సభ్యులు), టౌన్ క్లర్కు అందరూ ఉన్నారు.

బరో అయితే 1882 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కింద నడుస్తుంది, ఎన్నిక ఏటా నవంబరు 1న. అర్బన్ డిస్ట్రిక్ట్ అయితే 1894 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం. అక్కడ కొత్త సభ్యులు ఏప్రిల్ 15న పదవిలోకి వస్తారు కాబట్టి పోలింగు దానికి కాస్త ముందు జరుగుతుంది. వీటికి పైన కౌంటీ (మన జిల్లా లాంటిది) కౌన్సిల్ వేరే ఉంది. దాని సభ్యులందరికీ మూడేళ్ళకోసారి మార్చిలో ఎన్నిక. ఒకే మనిషి ఊరి కౌన్సిల్లోనూ కౌంటీలోనూ ఉండొచ్చు, అందుకే పత్రికల్లో ఒకే పేరు రెండు రకాల ఎన్నికల్లో తగులుతుంది. కార్డిఫ్, స్వాన్‌సీ (1889 నుంచి), న్యూపోర్ట్ (1891 నుంచి), మెర్థిర్ టిడ్‌ఫిల్ (1908 నుంచి) కౌంటీ బరోలు. ఇవి కౌంటీ కౌన్సిల్ కిందికి రావు, కానీ ఎన్నిక పద్ధతి మామూలు బరోదే.

1908 సంగతి తేలిక. ఆ ఏడాది నవంబరు 1 ఆదివారం, అందుకని సోమవారానికి జరిగింది. 1903లోనూ, 1914లోనూ అంతే.

ఇక మీ 2,200. బరోలో కౌన్సిలర్ల పదవీకాలం మూడేళ్ళు, ఏటా మూడోవంతు మంది దిగిపోతారు. వార్డులు లేని చిన్న బరోలో 12 మంది కౌన్సిలర్లుంటే ఏటా 4 ఖాళీలు. ప్రతి ఓటరుకీ ఖాళీలెన్నో అన్ని ఓట్లు, అంటే నాలుగు. ఒక్కో అభ్యర్థికి ఒక్కటే వేయాలి. నాలుగూ ఒకరికే గుమ్మరించడానికి లేదు. కాబట్టి 2,200ని 4తో భాగిస్తే వచ్చే 550, పోలింగుకి వచ్చినవాళ్ళ కనీస సంఖ్య మాత్రమే. అందరూ నాలుగూ వాడుకుని ఉంటేనే అది నిజమైన సంఖ్య అవుతుంది, అలా ఎప్పుడూ జరగదు. 700 మంది వచ్చి, సగటున మూడు చిల్లర ఓట్లు వేసినా ఇదే మొత్తం వస్తుంది. అసలు సంఖ్య కావాలంటే వార్తలో ఎన్ని బ్యాలెట్ కాగితాలు తేలాయో విడిగా రాశారేమో వెతకండి. లేకపోతే "కనీసం 550" అని రాసి ఊరుకోండి. శాతం కట్టొద్దు.

వార్డులున్న బరోలో ఈ తిప్పలు చాలావరకు ఉండవు. వార్డుకి ముగ్గురు కౌన్సిలర్లుంటే ఏటా ఒక్కరే దిగుతారు, ఓటరుకి ఒక్క ఓటే. అప్పుడు వచ్చిన ఓట్లన్నీ కలిపి, చెల్లనివి చేరిస్తే వచ్చినవాళ్ళ సంఖ్య అదే. కానీ మధ్యలో ఎవరైనా చనిపోయో రాజీనామా చేసో అదనపు ఖాళీ ఏర్పడి, దాన్ని కూడా నవంబరులోనే నింపితే ఆ వార్డులో ఆ ఒక్క ఏడాదీ రెండు ఓట్లు. ఇది గమనించకుండా "ఓటింగు రెట్టింపైంది" అని రాసేవాళ్ళున్నారు.

నాలుగు ఓట్లుండీ ఒక్కటే వేయడాన్ని ప్లంపింగ్ అనేవాళ్ళు. బద్ధకం కాదది, ఎత్తు. మీ అంకెల్లోనే చూడండి. నాలుగో అభ్యర్థికి 340 వచ్చి గెలిచాడు, ఐదో ఆయన 290తో ఓడాడు. ఐదో ఆయన మనుషుల్లో 51 మంది తమ మిగతా ఓట్లలో ఒకటి నాలుగో ఆయనకీ వేశారనుకుందాం. వాళ్ళు ఆ ఓటు ఆపేసి ఉంటే ఆయన 289కి దిగేవాడు. ఐదో ఆయన ఒక్క ఓటూ పెరక్కుండా అదే 290తో గెలిచేవాడు. పోలింగు ముందు వారం కరపత్రాల్లో "మావాడికి ఒక్కటే వేయండి, మిగతావి వదిలేయండి" అన్న అర్థంలో కనిపించే మాటలన్నీ ఈ లెక్క తెలిసి రాసినవే.

రికార్డుగది:

పైన చెప్పినదానికి తోడుగా బరో ఎన్నిక తేదీల వరస చెబుతాను. వార్తలు ఏ నెల సంచికల్లో వెతకాలో దీన్నిబట్టి తెలుస్తుంది. నవంబరు సంచికలు మాత్రమే తిరగేస్తే సగం కథ పోతుంది.

ఓటరు జాబితాని బర్గెస్ జాబితా అంటారు. అందులో పేరుండాలంటే జూలై 15తో ముగిసే పన్నెండు నెలలూ బరోలో ఇల్లో, కొట్టో, గిడ్డంగో తన స్వాధీనంలో ఉండాలి. కాపురం బరోలో గానీ దానికి ఏడు మైళ్ళ లోపు గానీ ఉండాలి. రేట్లు, అంటే ఇల్లూ వాకిలీ మీద పడే స్థానిక పన్ను, జనవరి 5 దాకా పడ్డది జూలై 20 లోపు చెల్లించేసి ఉండాలి. యజమానే రేట్లు కట్టి అద్దెలో కలుపుకునే ఇళ్ళల్లో అద్దెకున్నవాడి ఓటు పోదు. ఆ పన్నెండు నెలల్లో పేదల సాయనిధి నుంచి డబ్బు తీసుకుంటే మాత్రం పోతుంది. వైద్యసాయానికి 1885 నుంచి మినహాయింపు ఉంది.

ముసాయిదా జాబితా ఆగస్టు 1న అతికిస్తారు. ఆగస్టు 20 లోపు "నా పేరు చేర్చండి" అన్నవీ "ఫలానావాడి పేరు తీసేయండి" అన్నవీ దాఖలు కావాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రివైజింగ్ బారిస్టర్ ఊరికొచ్చి కోర్టులా కూర్చుని ఒక్కొక్కటీ తేలుస్తాడు. పార్టీల ఏజెంట్లు అసలు ఎన్నిక గెలిచేది ఇక్కడే. ఎదుటి పక్షంవాడు మధ్యలో ఇల్లు మారాడనో, రేటు గడువు దాటి కట్టాడనో నిరూపిస్తే ఆ ఏడాదికి ఒక ఓటు తగ్గినట్టే. ఈ విచారణల వార్తల్లో రెండు పక్షాలూ ఎన్నెన్ని పేర్లు నిలబెట్టుకున్నాయో పద్దు కూడా ఇస్తారు, వదులుకోకండి.

అక్టోబరు మూడో వారానికి, పోలింగుకి కనీసం 9 రోజుల ముందు, టౌన్ క్లర్కు సంతకంతో ఎన్నిక నోటీసు టౌన్ హాలు గోడకి ఎక్కుతుంది. నామినేషన్ పత్రం పోలింగుకి కనీసం 7 రోజుల ముందు, చివరి రోజున సాయంత్రం 5 లోపు క్లర్కు ఆఫీసులో పడాలి. పత్రం మీద ప్రతిపాదించినవాడు, బలపరిచినవాడు, సమ్మతి తెలిపే మరో ఎనిమిది మంది, అంతా కలిసి పది సంతకాలు. ఎక్కువగా చెడేది ఇక్కడే. సంతకం చేసినవాడి పేరు ఆ వార్డు జాబితాలో లేకపోతే చెల్లదు. ఖాళీలు ఎన్నుంటే అన్ని పత్రాల మీదే ఒక మనిషి సంతకం పెట్టాలి. ఒక్క ఖాళీకి ఇద్దరి పత్రాలమీదా మొహమాటపడి సంతకం చేసే కొట్టు యజమానివల్ల రెండో పత్రం పోతుంది. పత్రాన్ని అభ్యర్థి గానీ, ప్రతిపాదించినవాడు గానీ, బలపరిచినవాడు గానీ స్వయంగా ఇవ్వాలి. గుమాస్తాతో పంపితే అభ్యంతరానికి చోటిచ్చినట్టే.

మర్నాడు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య మేయరు టౌన్ హాల్లో కూర్చుని అభ్యంతరాలు వింటాడు. ఉపసంహరణకి గడువు అదే రోజు మధ్యాహ్నం 2 గంటల దాకా. మేయరు అభ్యంతరాన్ని కొట్టేస్తే ఆ మాటే తుది. పత్రాన్ని తిరస్కరిస్తే మాత్రం ఎన్నిక అయ్యాక పిటిషన్ వేసుకోవచ్చు, దానికి గడువు 21 రోజులు. మిగిలిన అభ్యర్థులు ఖాళీలకి మించకపోతే ఏకగ్రీవం, పోలింగే ఉండదు. అలాంటి వార్డుల పేర్లు పత్రికలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అంకెలు దొరకలేదని తల బద్దలు కొట్టుకోకండి.

పోలింగు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. వార్డులున్నచోట ఒక్కో వార్డుకీ ఒక ఆల్డర్‌మన్ రిటర్నింగ్ ఆఫీసరు, వార్డుల్లేకపోతే మేయరే. ప్రభుత్వ గ్రాంటు అందుకునే బడిలో గది పోలింగుకి అద్దె లేకుండా వాడుకోవచ్చు, అందుకే ఆ రోజు బళ్ళకి సెలవన్న వార్తలు కనబడతాయి.

పాతపత్రిక:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు అనుబంధ ప్రశ్నలు. బ్యాలెట్ కాగితం ఎలా ఉండేది, అందులో పార్టీ ఉండేదా? చివరి ఆయనకి 120 ఓట్లే వచ్చాయి కదా, "డిపాజిట్ గల్లంతు" అని తెలుగులో రాసెయ్యొచ్చా?

వార్డులెక్క:

రాయకండి. డిపాజిట్టే లేదు, గల్లంతవడానికి. బ్రిటన్‌లో అభ్యర్థి డిపాజిట్ 1918లో వచ్చింది, అదీ పార్లమెంటు ఎన్నికలకి, 150 పౌండ్లు. పట్టణ కౌన్సిళ్ళకి లేదు. 120 ఓట్లు వచ్చినవాడు పోగొట్టుకున్నది ప్రచారానికి పెట్టిన ఖర్చే.

ఆ ఖర్చుకీ పరిమితి ఉంది. 1884 నాటి చట్టం ప్రకారం ఒక కౌన్సిలర్ అభ్యర్థికి 25 పౌండ్లు, ఓటర్లు 500 దాటితే పైనున్న ప్రతి ఓటరుకీ 3 పెన్నీలు అదనం. మీ ఊరికి 900 మంది అన్నారు. 400 మందికి మూడేసి చొప్పున 1,200 పెన్నీలు. పౌండుకి 240 పెన్నీలు కాబట్టి 5 పౌండ్లు. మొత్తం 30. ముగ్గురు ఒక జట్టుగా నిలబడితే ఒక్కొక్కరికీ మూడోవంతు కోత, అంటే తలా 20. జెండాలకీ బ్యాండుకీ దివిటీలకీ డబ్బిచ్చినా, ఓటర్లని బండెక్కించడానికి కిరాయి కట్టినా నేరమే. స్నేహితుడు తన సొంత బండిని ఊరికే ఇస్తే తప్పులేదు. అందుకే పోలింగు వార్తల్లో ఫలానా పెద్దమనిషి గుర్రబ్బండి ఫలానా అభ్యర్థి కోసం తిరిగిందని పనిగట్టుకుని రాస్తారు. సారా కొట్లో కమిటీ గది పెట్టకూడదు. గోడపత్రిక మీద అచ్చేసినవాడి పేరూ చిరునామా ఉండాలి. మీ చేతికి కరపత్రం ఏదైనా చిక్కితే అడుగున ఆ గీత చూడండి, ఊరూ ఏడూ గుర్తించడానికి పనికొస్తుంది.

బ్యాలెట్ కాగితం మన కళ్ళకి బోసిగా ఉంటుంది. ఎడమన వరస సంఖ్య, మధ్యలో ఇంటిపేరు పెద్దక్షరాల్లో, దాని పక్కన పూర్తి పేరు, చిరునామా, వృత్తి. కుడివైపు గుణకారపు గుర్తు వేయడానికి ఖాళీ గడి. గుర్తుల్లేవు, పార్టీ పేరూ లేదు. బ్రిటన్‌లో బ్యాలెట్ మీద పార్టీ పేరుకి చోటు దొరికింది 1969లో.

వేల్స్‌లో ఆ వృత్తీ చిరునామాల గడే ప్రాణం. జోన్స్, డేవీస్, ఇవాన్స్, విలియమ్స్... నాలుగైదు ఇంటిపేర్లతోనే ఊరు ఊరంతా నిండిపోయి ఉంటుంది. ఒకే వార్డులో ఇద్దరు డేవీస్‌లు నిలబడితే ఓటరు చూసేది కిరాణా వ్యాపారా, బొగ్గు గనిలో తూకం చూసేవాడా అన్నదే. మీరు పత్రికల్లో వెతికేటప్పుడూ పేరుతో వెతకొద్దు, పేరుతోపాటు వృత్తి, వీధి కలిపి వెతకండి. లేకపోతే ముగ్గురు మనుషుల్ని ఒకే మనిషిగా చేసి ఇరవయ్యేళ్ళ రాజకీయ జీవితం కట్టబెట్టేస్తారు.

పోలింగు బల్ల దగ్గరా ఇదే చిక్కు. జాబితాలో జాన్ జోన్స్‌లు ఆరుగురుంటే, ఒకరి నంబరు మీద ఇంకొకరు వేసి వెళ్ళిపోతారు. అసలువాడు వచ్చి గొడవపడితే వేరే రంగు కాగితం ఇచ్చి, దాన్ని పెట్టెలో వేయకుండా విడిగా కవరులో ఉంచేవాళ్ళు. అది లెక్కలోకి రాదు, పిటిషన్ పడితేనే బయటికి తీస్తారు. మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్న టెండర్ ఓటు ఇదే.

రికార్డుగది:

బ్యాలెట్ గురించి ఇంకొంచెం. కాగితం ఇచ్చేముందు దాని రెండు వైపులా కనబడేలా అధికారిక ముద్ర కొడతారు. కౌంటర్‌ఫాయిల్ మీద ఓటరు జాబితా నంబరు వేస్తారు. ఓటరు గుర్తు వేసి, మడిచి, వెనకనున్న ముద్రని అధికారికి చూపించి పెట్టెలో వేయాలి. చదవడం రాదని ప్రకటిస్తే అధికారే ఏజెంట్ల ఎదుట గుర్తు వేసి పెడతాడు, అంటే ఆ ఓటు రహస్యం అక్కడితో సరి.

చెల్లని ఓట్లని నాలుగు పద్దుల కింద రాస్తారు. ముద్ర లేనివి, హక్కుకి మించి ఓట్లు వేసినవి, ఓటరెవరో తెలిసిపోయే రాత ఉన్నవి, ఖాళీవీ అర్థం కానివీ కలిపి ఒకటి. నాలుగు ఖాళీలకి ఐదు గుర్తులు పెడితే ఒకటి తీసేసి నాలుగు లెక్కపెట్టరు, కాగితం మొత్తం పోతుంది. అభిమానం పట్టలేక కాగితం మీద సంతకం పెట్టినవాడిదీ అంతే.

ఓట్లు సమానమైతే రిటర్నింగ్ ఆఫీసరు అదనపు ఓటు వేసి తేల్చొచ్చు, తను ఆ వార్డు ఓటరు కాకపోయినా సరే. ఆ ఆఫీసరు ఆల్డర్‌మనే అని పైన చెప్పాను కదా, ఏ పక్షంవాడో ఊరందరికీ తెలుసు. ఇలాంటిది జరిగితే పత్రికలో రెండు వారాలైనా ఉత్తరాలు పడతాయి, వాటికోసం చూడండి.

బొగ్గులోయ:

ఆడవాళ్ళ ఓటు సంగతీ, బరోకీ అర్బన్ డిస్ట్రిక్ట్‌కీ ఓటరు జాబితాలో ఉన్న తేడా ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

బరోల్లో రేట్లు కట్టే ఆడవాళ్ళకి 1869 నుంచి ఓటుంది. కానీ 1872లో కోర్టు తీర్పు పెళ్ళైనవాళ్ళని తీసేసింది. కాబట్టి బరో జాబితాలో కనబడే ఆడపేర్లు వితంతువులవీ, పెళ్ళి కానివాళ్ళవీ. అర్బన్ డిస్ట్రిక్ట్‌లో 1894 చట్టం వల్ల పెళ్ళైన ఆవిడకీ ఓటుంది, ఒకే ఇంటి మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అడగకపోతే చాలు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. ఒకరింట్లో గది అద్దెకు తీసుకుని ఉండే లాడ్జర్‌కి పార్లమెంటు ఓటుండొచ్చు గానీ బరో ఓటు లేదు. అర్బన్ డిస్ట్రిక్ట్ ఓటరు జాబితాలో పార్లమెంటు జాబితా కూడా కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ వాడికి ఓటుంది. బొగ్గు లోయల్లో ఇంటికో ఇద్దరు కుర్ర గని కార్మికులు అద్దెకుండే రోజులవి. అర్హత సంపాదించి జాబితాకెక్కిన ప్రతివాడూ లెక్కే.

మెర్థిర్ టిడ్‌ఫిల్‌ని తీసుకోండి. 1905 దాకా అర్బన్ డిస్ట్రిక్ట్, ఆ ఏడాది చార్టర్ వచ్చి బరో అయింది. గని కార్మిక నాయకుడు ఈనాక్ మోరెల్ తొలి మేయరు. ఊరికి హోదా పెరిగింది, సంబరాలు జరిగాయి. కానీ కౌన్సిల్ ఎన్నిక వరకూ లాడ్జర్లూ పెళ్ళైన ఆడవాళ్ళూ ఆ రోజుతో ఓటర్లు కాకుండా పోయారు. కాబట్టి మెర్థిర్ 1904 అంకెల్నీ 1905 అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎవరికి బలం పెరిగిందో తేల్చడం కుదరదు. రెండూ వేర్వేరు జనం వేసిన ఓట్లు.

అభ్యర్థిగా నిలబడే హక్కూ ఇలాగే. అర్బన్ డిస్ట్రిక్ట్‌కి 1894 నుంచి ఆడవాళ్ళు నిలబడొచ్చు. బరోకీ కౌంటీకీ 1907 ఆగస్టులో చట్టం వచ్చేదాకా వీల్లేదు. ఆ నవంబరు ఎన్నికలే మొదటి అవకాశం. బ్రెకన్‌లో గ్వెన్‌లియన్ మోర్గన్ ఆ ఏడాదే కౌన్సిలర్ అయ్యారు, 1910లో మేయరు, వేల్స్‌లో మేయరైన మొదటి మహిళ ఆవిడే. ఒక మెలిక ఉంది. మేయరైన మగవాడు ఆ పదవితోనే మేజిస్ట్రేటు కూడా అవుతాడు, 1907 చట్టం ఆడ మేయరుకి అది ఇవ్వలేదు. ఆవిడ కౌన్సిల్‌కి అధ్యక్షత వహించొచ్చు గానీ ఆ పదవి బలంతో కోర్టు బెంచీ ఎక్కలేరు. బర్గెస్ జాబితాలో పేరుండాలన్న షరతు వల్ల పెళ్ళైనవాళ్ళు అప్పటికీ బరో అభ్యర్థులు కాలేకపోయారు. పన్నెండు నెలల నివాసం చాలన్న మార్పు 1914లో వచ్చింది.

వేల్స్‌కి మరీ అక్కరకొచ్చే నిషేధం ఇంకొకటి. చర్చి పూజారులూ, చాపెల్ (అధికారిక చర్చి నుంచి విడిగా ఉండే ప్రొటెస్టెంట్ల ప్రార్థనామందిరం) పాస్టర్లూ బరో కౌన్సిల్‌కి అనర్హులు, 1925 దాకా. కౌంటీ కౌన్సిల్లో కూర్చోవచ్చు, అర్బన్ డిస్ట్రిక్ట్‌లోనూ కూర్చోవచ్చు. చాపెల్ పాస్టర్ మాటకి అంత విలువున్న దేశంలో బరో కౌన్సిల్ జాబితాలో ఒక్క రెవరెండూ లేకపోవడం చూసి, మతానికీ మునిసిపాలిటీకీ సంబంధం లేదనుకోకండి. చట్టం ఒప్పుకోక బయట ఉన్నారు. వాళ్ళ డీకన్లు, అంటే పాస్టర్లు కాని చాపెల్ పెద్దలు, లోపలే ఉన్నారు.

పాతపత్రిక:

మెర్థిర్ మాట చెప్పి ఆదుకున్నారు, సరిగ్గా ఆ రెండేళ్ళ అంకెల్నే పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పార్టీల సంగతి చెప్పండి. ఒకే అభ్యర్థిని ఒక పత్రిక "ఇండిపెండెంట్" అంటుంది, ఇంకోటి "కన్సర్వేటివ్" అంటుంది. ఎవరిని నమ్మాలి?

బొగ్గులోయ:

ఒక్కదాన్నే చదివి ఎవరినీ నమ్మొద్దు. బ్యాలెట్ మీద పార్టీ లేదు కాబట్టి పేరు పక్కన అక్షరం వేసింది విలేకరి. కార్డిఫ్ నుంచి వచ్చే రెండు దినపత్రికల్లో వెస్టర్న్ మెయిల్ కన్సర్వేటివ్ పక్షం, సౌత్ వేల్స్ డైలీ న్యూస్ లిబరల్ పక్షం. రెండిట్లోనూ ఒకే అక్షరం ఉంటే ధైర్యంగా రాసుకోండి. తేడా ఉంటే ఆ అభ్యర్థి నామినేషన్ మీద ప్రతిపాదించినవాళ్ళెవరో, సభ ఎక్కడ పెట్టాడో, ఎవరు అధ్యక్షత వహించారో చూడండి. చాపెల్ వెస్ట్రీలో (చాపెల్‌కి చేరిన సమావేశాల గదిలో) సభ పెట్టినవాడూ, కన్సర్వేటివ్ క్లబ్బులో సభ పెట్టినవాడూ ఎటువాళ్ళో విడిగా చెప్పనక్కర్లేదు. లేబర్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త. ఊరి కార్మిక సంఘాల మండలి నిలబెట్టినవాడు, ఐఎల్‌పీ (ఇండిపెండెంట్ లేబర్ పార్టీ) నిలబెట్టినవాడు, లిబరళ్ళతో సర్దుకుని నిలబడ్డ గని నాయకుడు, ముగ్గురికీ అదే ముద్ర వేస్తారు. పేరు ముందు నక్షత్రం గుర్తుంటే పార్టీ కాదు, దిగిపోతూ మళ్ళీ నిలబడ్డ సభ్యుడని అర్థం.

1902 తర్వాతి సంవత్సరాలకి ఇంకో మాట. ఆ ఏడాది విద్యా చట్టం చర్చి బళ్ళకి కూడా రేట్ల డబ్బు ఇవ్వాలంది. వేల్స్ చాపెళ్ళు భగ్గుమన్నాయి, లిబరల్ ఎంపీ లాయిడ్ జార్జ్ ముందు నడిచాడు. 1904 మార్చి కౌంటీ ఎన్నికల్లో వేల్స్ కౌంటీలన్నిటా లిబరళ్ళకే మెజారిటీ వచ్చింది. ఆ వేడి అదే ఏడాది పట్టణ ఎన్నికల ప్రసంగాల్లోనూ వినబడుతుంది. కానీ పట్టణ కౌన్సిలర్ రోజూ తేల్చాల్సింది మంచినీళ్ళ గొట్టం, మురుగు కాలవ, వీధి దీపం, రేటు పౌండుకి ఎన్ని పెన్నీలన్నది. ప్రసంగం చదివి ఊరుకోకుండా మర్నెల కౌన్సిల్ సమావేశం రిపోర్టు కూడా చదవండి.

రికార్డుగది:

ఇక ఫలితాల్లో కనబడని సభ్యులు. వాళ్ళు ఆల్డర్‌మన్లు. కౌన్సిలర్ల సంఖ్యలో మూడోవంతు, 12 మందికి నలుగురు. పదవీకాలం ఆరేళ్ళు, మూడేళ్ళకోసారి సగం మంది దిగుతారు. వాళ్ళని ఓటర్లు ఎన్నుకోరు, కౌన్సిల్ ఎన్నుకుంటుంది. తెలుగులో కో-ఆప్షన్ సభ్యుడు అనేస్తే దగ్గరగా ఉంటుంది గానీ సరిపోదు. ఆల్డర్‌మన్‌కి పూర్తి ఓటుంది, మేయరూ కావచ్చు. ఆల్డర్‌మన్ అనే ఉంచేయండి. కౌంటీ కౌన్సిళ్ళలోనూ ఈ పదవి ఉంది. లాయిడ్ జార్జ్ 1889లో కార్నార్వన్ కౌంటీ కౌన్సిల్లో అడుగుపెట్టింది ఇలాగే, ఆల్డర్‌మన్‌గా, 26 ఏళ్ళకి.

బరోలో మేయరునీ ఆల్డర్‌మన్లనీ ఎన్నుకునేది నవంబరు 9న. ఆల్డర్‌మన్ ఎన్నికలో రహస్య బ్యాలెట్ లేదు. సభ్యుడు తన సంతకం పెట్టిన ఓటు కాగితం అధ్యక్షుడి చేతికివ్వాలి, ఆయన అన్నీ అందాక పైకి చదువుతాడు. కాబట్టి ఎవరు ఎవరికి వేశారో రిపోర్టులో పేర్లతో సహా దొరుకుతుంది. మీరు పార్టీ ముద్రల గురించి అడిగారు కదా, ఊరి కౌన్సిల్లో నిజమైన జట్లు తేలేది ఈ కాగితాల్లోనే. నవంబరు 9 తర్వాత వచ్చే వారపత్రిక సంచిక తీయండి.

ఇందులోంచి ఇంకో ముడి పడుతుంది. కౌన్సిలర్ ఒకాయన ఆల్డర్‌మన్ అయితే ఆయన వార్డు సీటు ఖాళీ, దానికి కొద్ది రోజుల్లోనే ఉప ఎన్నిక. నవంబరు 1న ఓడినవాడు నెల తిరక్కుండా సభ్యుడిగా కనబడితే అచ్చుతప్పు అనుకోకండి, ఆ నెలాఖరు సంచికలు కూడా చూడండి. 1915 నుంచి యుద్ధం వల్ల ఎన్నికలు వాయిదా పడ్డాయి, మళ్ళీ 1919లో జరిగాయి. అప్పటికి 1918 చట్టంతో ఓటరు జాబితాయే మారిపోయింది కాబట్టి మీ పట్టికని 1914తో ఆపేయడం మంచిది.